విరేచనాల మాత్ర వేసుకున్నాక వచ్చే ఆ రెండు రోజులు

ఒక మంగళవారం సాయంత్రం ఓ పెద్దాయన మా మెడికల్ షాపుకి వచ్చి, జేబులోంచి ఖాళీ స్ట్రిప్ తీసి కౌంటర్ మీద పెట్టారు. మోషన్ కోసం వేసుకునే చిన్న పసుపు మాత్రలవి. "ఇంకోటియ్యమ్మా. రెండు దినాలైంది, దొడ్డికి వస్తలేదు" అన్నారు. అంతకు ముందు వారం కూడా ఇదే మాట విన్నట్టు గుర్తొచ్చింది. అందుకని ఈసారి స్ట్రిప్ తీయకుండా, స్టూల్ మీద కూర్చోబెట్టి లెక్క అడిగాను. శనివారం రాత్రి రెండు మాత్రలు వేసుకున్నారు. ఆదివారం పొద్దున మూడుసార్లు అయింది, మూడోసారి వచ్చింది దాదాపు నీళ్లే. సోమవారం ఏమీ లేదు. మంగళవారమూ ఏమీ లేదు. కడుపులో నొప్పి లేదు, ఉబ్బరం లేదు, అన్నం బాగానే తింటున్నారు. రాలేదన్న టెన్షన్ ఒక్కటే ఉంది.

ఆ సోమ, మంగళవారాల్లో ఆయనకి మలబద్ధకం లేదు. ఆయన పేగు ఖాళీగా ఉంది, అంతే.

మన పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల గొట్టం. మామూలుగా మోషన్ అయినప్పుడు దాని చివరి భాగమే ఖాళీ అవుతుంది, పైన ఉన్నది మరుసటి రోజుకి కిందికి జరుగుతుంది. గట్టి మాత్ర వేసుకుంటే ఆ వరుస ఉండదు. రేపు రావాల్సింది, ఎల్లుండి రావాల్సింది అంతా ఒకే పూట ఊడ్చుకుపోతుంది. తిన్నది నోటి నుంచి బయటికి వచ్చేదాకా చాలామందిలో ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కాబట్టి, పేగు మళ్లీ నిండడానికి రెండు రోజులైనా కావాలి. లోపల ఏమీ లేనప్పుడు బయటికి ఏమొస్తుంది? కానీ మనిషి మాత్రం "మళ్లీ పట్టేసింది" అనుకుంటాడు. మళ్లీ మాత్ర. మళ్లీ ఖాళీ. మళ్లీ రెండు రోజుల టెన్షన్. ఇలా వారానికోసారి మొదలై రోజుకి నాలుగు మాత్రల దాకా వెళ్లినవాళ్లని నేను చూశాను. "మాత్ర లేకపోతే నాకు రాదు" అని వాళ్లు నమ్ముతారు. మాత్ర వేసుకోకుండా మూడు రోజులు ఆగి చూసిన సందర్భం వాళ్లకి అసలు ఉండదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండు రోజులే. దాని చుట్టూ ఉన్న చిక్కుముళ్లు కూడా విప్పుతాను.

ముందు ఒక మాట. రోజూ పొద్దున్నే అవ్వాలని శరీరానికి రూలేమీ లేదు. రోజుకి మూడుసార్లు అయినా, వారానికి మూడుసార్లు అయినా, సులువుగా మెత్తగా వస్తుంటే అది ఆ మనిషికి మామూలే. వారానికి మూడు కంటే తక్కువ అవుతున్నా, మేక పెంటికల్లా ఉండలుగా వస్తున్నా, ముఖం ఎర్రబడేదాకా ముక్కాల్సి వస్తున్నా, అయ్యాక కూడా లోపల ఇంకా ఉన్నట్టే అనిపిస్తున్నా అప్పుడు దాన్ని మలబద్ధకం అనుకోవాలి. ఒక్కరోజు రాకపోతే మలంలోని విషం రక్తంలోకి ఎక్కుతుందన్న భయం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. అలా ఎక్కదు. ఆ భయంతో అక్కర్లేని మందు వేసుకుంటేనే నష్టం.

ఇంకో చిక్కు మన మాటలోనే ఉంది. "మోషన్స్‌కి ఒక మాత్రివ్వండి" అని ఎవరైనా అడిగితే నేను ప్రతిసారీ తిరిగి అడుగుతాను: "అవ్వడానికా, ఆగడానికా?" రెండూ వేరువేరు మందులు, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మనం మాత్రం రెండిటినీ మోషన్ మాత్రలనే అంటాం. పిల్లల్ని షాపుకి పంపినప్పుడు, ఫోన్లో చెప్పినప్పుడు ఈ పొరపాటు జరిగే అవకాశం ఎంతో ఉంది. దీని సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకు తెలుసో కాసేపట్లో చెప్తాను.

ఇక అవ్వడానికి వేసుకునే మందుల్లోకి వద్దాం. ఇవన్నీ ఒకటే రకం అనుకోవడం దగ్గరే సగం తప్పులు మొదలవుతాయి. ఒక్కోటి పేగులో ఒక్కో పని చేస్తుంది. ఆ పనిని బట్టే ఎన్ని గంటలకి ఫలితం వస్తుంది, ఎన్నాళ్లు వాడొచ్చు, ఎవరికి పడదు అన్నది ఉంటుంది.

మొదటి రకం ఇసబ్‌గోల్. దాని సంగతి అర్థం కావాలంటే ఇంట్లోనే ఒక పని చేసి చూడండి. అర గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచా ఇసబ్‌గోల్ పొట్టు వేసి కలిపి, పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత గ్లాసు వంచండి. నీళ్లు కారవు. జిగట ముద్ద ఒకటి గ్లాసు గోడకి అతుక్కుని నెమ్మదిగా జారుతుంది. పేగులో జరిగేదీ ఇదే. ఆ పొట్టు నీటిని పీల్చుకుని ఉబ్బి, మలాన్ని మెత్తగా, నిండుగా చేస్తుంది. నిండుగా ఉన్నదాన్ని పేగు సులువుగా ముందుకి తోస్తుంది. అయితే ఆ ముద్ద తగినన్ని నీళ్లు లేకుండా గొంతులోనో, అన్నవాహికలోనో తయారైతే? ఊపిరాడదు, లేదా ఛాతీలో అడ్డం పడుతుంది. పొడిగా నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగే అలవాటు ఉన్నవాళ్లని నేను బతిమాలి మాన్పిస్తాను. ఒక చెంచా పొట్టుకి కనీసం ఒక పెద్ద గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లు ఉండాలి. కలిపిన వెంటనే, గట్టిపడక ముందే తాగేయాలి. తాగిన వెంటనే పడుకోకూడదు. మింగడం కష్టంగా ఉన్న పెద్దవాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి, మంచం మీదే ఉండి నీళ్లు సరిగ్గా తాగనివాళ్లకి ఇది ఇవ్వకపోవడమే మంచిది. ఇప్పటికే లోపల గట్టిగా పేరుకుపోయినవాళ్లకి ఇస్తే అడ్డం ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతి, ఆ జిగురు వేరే మందుల్ని కూడా తనలో బంధించుకుంటుంది. అందుకే మిగతా మాత్రలకీ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి.

ఇసబ్‌గోల్ ఒక్క పూటలో పని చేసేది కాదు. 12 గంటల నుంచి మూడు రోజుల దాకా పడుతుంది. రాత్రి వేసుకుని "పొద్దున ఏమీ కాలేదు" అని దానిమీద మాత్ర కూడా వేసుకునేవాళ్లు ఈ మందుకి అవకాశమే ఇవ్వడం లేదు.

రెండో రకం మందులు నీటిని పేగులోకి లాగుతాయి, లేదా అక్కడే పట్టి ఉంచుతాయి. లాక్టులోజ్ సిరప్, పాలీఎథిలీన్ గ్లైకాల్ పౌడర్ ఈ జాతివి. ఇవి కూడా నిదానం, ఒకటి నుంచి మూడు రోజులు. లాక్టులోజ్‌ని పేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది కాబట్టి మొదటి రోజుల్లో గ్యాస్, కడుపు ఉబ్బరం ఉంటాయి. తియ్యగా ఉందని షుగర్ ఉన్నవాళ్లు భయపడతారు. ఆ తీపిలో ఎక్కువ భాగం రక్తంలోకి ఎక్కదు, నేరుగా పెద్దపేగులోకే పోతుంది. కానీ సిరప్‌లో వేరే చక్కెరలు కొద్దిగా ఉంటాయి, అందుకని పెద్ద డోసు వాడాల్సి వస్తే డాక్టర్‌కి షుగర్ సంగతి చెప్పాలి. పాలీఎథిలీన్ గ్లైకాల్ పౌడర్ని పెద్దవాళ్లకి సాధారణంగా రోజుకి 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో కలిపి ఇస్తారు. ఇదే మందు పెద్ద ప్యాకెట్‌లో కూడా దొరుకుతుంది. అది కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి కెమెరా ఉన్న గొట్టం పంపి చూసే పరీక్షకి, ముందు పేగు కడగడానికి లీటర్ల కొద్దీ నీళ్లలో కలిపి తాగేది. చిన్నదానికి బదులు పెద్దది ఇంటికి తీసుకెళ్లకండి, ప్యాకెట్ చూసుకోండి.

లాక్టులోజ్ విషయంలో ఒక్క హెచ్చరిక, ఇది ప్రాణానికి సంబంధించింది. లివర్ దెబ్బతిన్నవాళ్లకి డాక్టర్లు ఈ సిరప్ రాసేది మలబద్ధకం కోసం కాదు. శరీరంలో పేరుకునే అమోనియా వల్ల మనిషికి మగత, తికమక రాకుండా ఆపడానికి రాస్తారు. రోజుకి రెండు మూడు మెత్తటి మోషన్లు కావాలనే ఇస్తారు. "మోషన్లు బాగానే అవుతున్నాయిగా, ఇక ఎందుకు" అని ఇంట్లోవాళ్లు ఆపేస్తే నాలుగు రోజుల్లో ఆ మనిషి మనుషుల్ని గుర్తుపట్టని స్థితికి రావచ్చు.

మూడో రకం, మొదట్లో చెప్పిన ఆ పసుపు మాత్ర. దాని మందు పేరు బైసాకోడిల్. సోడియం పికోసల్ఫేట్, సునాముఖి, ఆముదం కూడా ఈ దారిలోవే. ఇవి పేగు కండరాన్ని రెచ్చగొట్టి కదిలిస్తాయి. బైసాకోడిల్ మాత్ర 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పొద్దున అవుతుంది. పెద్దవాళ్లకి మామూలుగా ఒకటి లేదా రెండు 5 మిల్లీగ్రాముల మాత్రలు. ఆ మాత్రకి నున్నటి పూత ఒకటుంటుంది, ఆ పూత చాలా ముఖ్యం. కడుపులోని యాసిడ్‌లో కరగకుండా, కింద పేగులోకి చేరాకే కరిగేలా దాన్ని తయారు చేస్తారు. మాత్రని నమిలినా, పొడి చేసినా, పాలతో వేసుకున్నా, గ్యాస్ సిరప్ తాగిన గంటలోపు వేసుకున్నా ఆ పూత పైనే కరిగిపోతుంది. అప్పుడు కడుపులో మంట, వికారం, మెలిపెట్టే నొప్పి వస్తాయి. మన ఇళ్లలో రాత్రిపూట మందు అంటే గోరువెచ్చని పాలతోనే కదా. ఇసబ్‌గోల్‌ని పాలలో కలుపుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ మాత్రనీ పాలతోనే మింగుతారు. నొప్పి వస్తే మందు పడలేదంటారు. పడనిది పాలు. దీన్ని మంచినీళ్లతోనే వేసుకోవాలి.

ఇక్కడ ఒక పాత కథ గుర్తొస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసినవాళ్లకి ఫినాల్ఫ్తలీన్ గుర్తుండే ఉంటుంది. రెండు చుక్కలు వేస్తే క్షారంలో గులాబీ రంగు వచ్చేది. అదే పదార్థం ఇరవయ్యో శతాబ్దం దాదాపు అంతా విరేచనాల మందుగా అమ్ముడైంది. అమెరికాలో చాక్లెట్‌లో కలిపి పిల్లలకి కూడా ఇచ్చేవారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ ప్రమాదం కనిపించడంతో 1999లో అక్కడి ప్రభుత్వం దాన్ని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మందుల్లోంచి తీసేసింది. ఎన్నో తరాలు చిన్న విషయమని వాడిన మందు అది. "మోషన్ మాత్రే కదా" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ గులాబీ రంగు గుర్తొస్తుంది.

"ఆకు మందే కదా" అనే మాట దానికి తోబుట్టువు. రాత్రి ఒక చెంచా చూర్ణం, పొద్దున కడుపు శుభ్రం అని అమ్మే డబ్బా ఇంట్లో ఉంటే, దాని వెనక సన్నటి అక్షరాల్లో ఉన్నది చదవండి. సునాముఖి, సెన్నా, స్వర్ణపత్రి, ఏ పేరుతో ఉన్నా అవన్నీ ఒకటే ఆకు. తమిళనాడులోని తిరునెల్వేలి వైపు ఎక్కువగా పండుతుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని విడగొట్టాకే అది పని చేయడం మొదలుపెడుతుంది, అందుకే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. మంచి మందే, ఆధునిక వైద్యంలో కూడా దీని మాత్రలు రాస్తారు. కానీ ఇది కూడా పేగుని రెచ్చగొట్టేదే. చెంచా కొలత ఇంటికో తీరుగా ఉంటుంది. పసుపు మాత్రా, ఈ చూర్ణం రెండూ వాడుతూ "ఒకటి ఇంగ్లీషు మందు, ఒకటి ఆయుర్వేదం" అనుకునేవాళ్లు ఒకే పని చేసే మందుని రెండింతలు వేసుకుంటున్నారు. ఏళ్ల తరబడి వాడినవాళ్ల పెద్దపేగు లోపలి పొర నల్లగా మారొచ్చు, కొలనోస్కోపీలో అది కనిపిస్తుంది. దానివల్ల ప్రమాదం ఉందని తేలలేదు, మందు మానేస్తే కొన్ని నెలల్లో ఆ రంగు పోతుంది కూడా.

ఆముదం గురించి మా పాలమూరులో చెప్పకుండా ఉండలేను. మా జిల్లాలోనూ నల్లగొండలోనూ ఆముదం చేలు చూస్తూ పెరిగినవాళ్లం మేం. ఆముదం తాగిన మొహం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. నెలకోసారి పిల్లల్ని పట్టుకుని, ముక్కు మూసి తాగించిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరంతో పాటు గర్భసంచి కండరాన్ని కూడా కదిలిస్తుందని జర్మనీ పరిశోధకులు 2012లో విడమర్చి చూపించారు. అందుకే గర్భిణులు దీన్ని తాగకూడదు. మిగతావాళ్లకి కూడా ఇది ఎంత గట్టిగా పని చేస్తుందో ముందుగా చెప్పలేం. మెత్తగా పని చేసే మందులు ఇన్ని ఉండగా, నెలకోసారి కడుపు కడిగే పేరుతో పిల్లలకి ఆముదం పట్టించాల్సిన అవసరమే లేదు.

తెల్లటి సిరప్‌ల గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి, ముఖ్యంగా ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లుంటే. వీటిలో చాలావాటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్, లిక్విడ్ పారాఫిన్ కలిసి ఉంటాయి. ప్లస్ అని రాసి ఉన్నవాటిలో కొన్నిట్లో పికోసల్ఫేట్ కూడా చేరుతుంది. మెగ్నీషియాన్ని ఒంట్లోంచి బయటికి పంపాల్సింది కిడ్నీలే. అవి సరిగ్గా పని చేయకపోతే మెగ్నీషియం రక్తంలో పేరుకుని మగత, కండరాల నీరసం, బీపీ పడిపోవడం, గుండె లయ తప్పడం దాకా పోతుంది. లిక్విడ్ పారాఫిన్ నూనెలాంటిది. పడుకుని తాగినా, మింగలేనివాళ్లకి తాగించినా ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకం న్యుమోనియా తెస్తుంది. ఎక్కువకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి అందనివ్వదు. థైరాయిడ్ మాత్ర, కొన్ని యాంటీబయాటిక్‌లు వాడేవాళ్లు మెగ్నీషియం సిరప్‌ని వాటితో కలిపి వేసుకుంటే ఆ మందులు సరిగ్గా ఎక్కవు.

మలద్వారం గుండా మందు ఎక్కించే సోడియం ఫాస్ఫేట్ ఎనిమా సీసా ఇప్పుడు ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. ఒకటి పెట్టారు, సరిగ్గా కాలేదని గంటకే ఇంకోటి పెట్టారు. ఇక్కడే ప్రమాదం. సోడియం ఫాస్ఫేట్ మందుల్ని 24 గంటల్లో ఒకసారికి మించి వాడితే కిడ్నీలకి, గుండెకి తీవ్రమైన హాని, మరణం కూడా సంభవించవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2014లో హెచ్చరించింది. ముసలివాళ్లలో, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లలో డాక్టర్ చెప్పకుండా దీని జోలికి పోవద్దు.

నీళ్లలా మోషన్లు అయ్యాయంటే ఒంట్లోంచి నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది. బీపీకో, కాళ్ల వాపుకో మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ పొటాషియం ముందే తక్కువగా ఉండొచ్చు. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్లకి ఇది మరీ ప్రమాదం. బరువు తగ్గడానికి, కడుపు తగ్గడానికి ఈ మాత్రలు వాడే ఆడపిల్లల్ని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. అన్నంలోని శక్తిని చిన్నపేగు ముందే పీల్చేసుకుంటుంది, మాత్ర పని చేసేది దాని తర్వాత వచ్చే పెద్దపేగులో. కాటాలో తగ్గేది నీళ్లే, ఒక రోజులో తిరిగొచ్చేస్తుంది. పోయిన పొటాషియం మాత్రం అంత సులువుగా రాదు.

మరి అలవాటైపోతుందా? రోజూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. దీనికి ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పడం న్యాయం కాదు. రెచ్చగొట్టే మందులు పేగు నరాల్ని శాశ్వతంగా చంపేస్తాయని పూర్వం గట్టిగా నమ్మేవారు. చెప్పిన డోసులో వాడినప్పుడు అలా జరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. అమెరికాలోని రెండు పెద్ద జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పాలీఎథిలీన్ గ్లైకాల్‌ని బలంగా సిఫార్సు చేశాయి. పీచు, లాక్టులోజ్, సెన్నాలని షరతులతో చెప్పాయి. బైసాకోడిల్, పికోసల్ఫేట్‌లని నాలుగు వారాల లోపు, లేదా అప్పుడప్పుడు అవసరానికి వాడుకోమన్నాయి. అంటే దీర్ఘకాలం మలబద్ధకం ఉన్నవాళ్లు డాక్టర్ చూసి రాసిన మెత్తటి మందుని రోజూ వాడటంలో తప్పు లేదు. అలవాటవుతుందన్న భయంతో ముక్కుతూ మొలలు తెచ్చుకునేవాళ్లు, హెర్నియా పెంచుకునేవాళ్లు ఆ భయానికి పెద్ద మూల్యమే చెల్లిస్తున్నారు. తప్పల్లా, ఎందుకు రావట్లేదో తెలుసుకోకుండా సొంతంగా వారాల తరబడి గట్టి మాత్ర వేసుకోవడంలో ఉంది. వారం రోజులు వాడినా ఇంకా అవసరం పడుతోందంటే డాక్టర్‌ని కలవాల్సిందే.

ఇప్పుడు నా సంగతి. మా నాన్నకి 76 ఏళ్లప్పుడు మోకాలి ఆపరేషన్ అయింది. నొప్పికి ట్రామడాల్, రక్తానికి ఐరన్ మాత్రలు, పైగా మంచం మీదే పడక. మూడూ మలబద్ధకం తెచ్చేవే. నేను ఊళ్లో లేను. ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసి, "మీ నాన్నకి మోషన్లు పట్టుకున్నాయే. నీళ్లలా కొంచెం కొంచెం అవుతూనే ఉన్నాయి, పక్క బట్టలు మార్చలేక చస్తున్నా" అంది. ఆగడానికి మాత్ర ఫలానాది ఉంటుంది, ఒకటి వెయ్యమ్మా అని నేనే చెప్పాను. మర్నాడు ఇంకోటి. మూడో రోజుకి కడుపు డప్పులా ఉబ్బింది, మూత్రం ఆగిపోయింది, వాంతులు. ఆస్పత్రిలో డాక్టర్ గ్లవ్ వేసుకుని వేలితో ఒక్క నిమిషం పరీక్ష చేసి చెప్పారు, లోపల రాయిలాంటి ముద్ద అడ్డం పడి ఉందని. దాని పైన పేరుకున్నది నీరై, పక్కల సందుల్లోంచి కారుతోంది. మేం విరేచనాలనుకున్నది మలబద్ధకం. నేను వేయించిన మాత్ర దాన్ని ఇంకా బిగించింది. ఎనిమాలతో, చేత్తో తీసి, రెండు రోజులు పట్టింది ఆ అడ్డం తొలగడానికి. "దీనికి ముందు వారం ఎలా అయింది నాన్నకి?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అమ్మ చెప్పేది, ఆరు రోజులుగా ఏమీ కాలేదని. మంచం పట్టిన పెద్దవాళ్లకి ఉన్నట్టుండి నీళ్లలా కారుతోందంటే ఆ ప్రశ్న అడగండి. సమాధానం వచ్చేదాకా ఏ మాత్రా వెయ్యకండి, ఆగడానికైనా, అవ్వడానికైనా.

అసలు విరేచనాల మందు ముట్టుకోకూడని సందర్భాలు ఇంకా ఉన్నాయి. కడుపులో నొప్పి తీవ్రంగా ఉండి, వాంతులు, జ్వరం తోడైతే, లేదా కడుపు ఉబ్బి గ్యాస్ కూడా కిందికి పోకపోతే అది పేగు అడ్డంకో, అపెండిసైటిసో కావచ్చు. "మోషన్ అయితే నొప్పి తగ్గుతుంది" అని మాత్ర వేస్తే లోపల వాచి ఉన్న పేగు పగిలే ప్రమాదం ఉంది. అప్పుడు వెళ్లాల్సింది మెడికల్ షాపుకి కాదు, ఆస్పత్రికి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై ఏళ్లు వచ్చాక కొత్తగా మొదలైన మలబద్ధకం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా మందుతో కప్పేయకూడదు. రక్తం కనపడగానే మొలలే అని తీర్మానించుకుని ఏడాది గడిపేసినవాళ్లని చూశాను.

పసిపిల్లల విషయంలో ఒక్క మాట. తల్లిపాలే తాగే బిడ్డకి నెలన్నర దాటాక నాలుగైదు రోజులు మోషన్ కాకపోయినా, వచ్చినప్పుడు మెత్తగా ఉండి బిడ్డ హాయిగా పాలు తాగుతుంటే అది జబ్బు కాదు. తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం దయచేసి చేయకండి. ఆ లేత చర్మం చీరుకుంటుంది, మంట పుడుతుంది. కాస్త పెద్ద పిల్లలకైతే ఒకసారి నొప్పి వస్తే చాలు, భయంతో బిగబట్టుకుంటారు, బిగబట్టిన కొద్దీ గట్టిపడుతుంది. ఇలాంటి పిల్లలకి పిల్లల డాక్టర్ మెత్తబరిచే మందుని కొన్ని నెలల పాటు రాస్తారు. నాలుగు రోజులు బాగానే అయిందని ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. గర్భిణులకి సాధారణంగా ఇసబ్‌గోల్, లాక్టులోజ్ లాంటివే ముందు ఆలోచిస్తారు, అది కూడా డాక్టర్‌ని అడిగాకే.

మోషన్ మందు అడిగినవాళ్లని మిగతా మందుల చీటీ చూపించమని అడుగుతాను. ఐరన్, కాల్షియం, బీపీకి వాడే కొన్ని మాత్రలు, నిద్రకీ నరాల నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు, మానసిక జబ్బుల మందులు, మలబద్ధకం తెచ్చే ఈ మందుల్లో ఏదో ఒకటి చాలా చీటీల్లో కనిపిస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ పాతదైనా పేగు నెమ్మదిస్తుంది. ఆ మందుల్ని సొంతంగా ఆపకూడదు, కానీ "ఇది మొదలుపెట్టాకే నాకు ఇలా అవుతోంది" అని డాక్టర్‌కి చెప్పాలి. చాలాసార్లు మందు మారిస్తేనో, డోసు మారిస్తేనో సమస్య పోతుంది. ఇంకొందరిలో పేగు బాగానే తోస్తుంది, మలద్వారం దగ్గర కండరం మాత్రం వదలాల్సిన సమయానికి బిగుసుకుంటుంది. ఎన్ని మాత్రలు వేసినా వాళ్లకి తీరదు. ఆ కండరానికి మళ్లీ పని నేర్పించే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది, దానికి జీర్ణకోశ వైద్యుణ్ణి కలవాలి.

ఇక మందు కాని మందులు. పీచు, నీళ్లు, నడక గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను పొడిగించను. జామకాయ గింజలతో సహా తినండి, పీచుని ఒక్కసారిగా కాకుండా వారం రెండు వారాల్లో పెంచండి. వేళ గురించి మాత్రం చెప్పాలి. పొద్దున టిఫిన్ తిన్న తర్వాత అరగంటలో పెద్దపేగు తనంతట తనే కదులుతుంది. అప్పుడు వచ్చిన పిలుపుని బస్సుకి టైమైందని ఆపుకుంటే అది వెనక్కిపోతుంది, నీరంతా ఇంకి మలం గట్టిపడుతుంది. బడిలో బాత్రూమ్ బాగాలేదని సాయంత్రం దాకా ఆపుకునే ఆడపిల్లలు, షాపుల్లో రోజంతా నిలబడి పని చేసే ఆడవాళ్లు నా దగ్గరికి మాత్రల కోసం వస్తారు. వాళ్లకి కావాల్సింది మాత్ర కాదని తెలిసి కూడా మాత్రే ఇచ్చి పంపిన రోజులు ఉన్నాయి. కమోడ్ వచ్చాక ఇంకో చిక్కు. గొంతుక్కూర్చున్నప్పుడు తిన్నగా అయ్యే దారి, కుర్చీలా కూర్చుంటే కొంచెం వంకరగానే ఉండిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కమోడ్ మానలేరు. అందుకని పాదాల కింద ఒక చిన్న పీట వేసుకుని, మోకాళ్లు నడుము కంటే కొంచెం పైకి ఉండేలా, ముందుకి వంగి కూర్చుంటే తేడా తెలుస్తుంది. మా నాన్న కమోడ్ ముందు ఇప్పుడు అమ్మ వంటింటి పీట ఉంది. పౌడర్ రోజూ తాగుతున్నారు, డాక్టర్ చెప్పినంత.

మొదట చెప్పిన ఆ పెద్దాయన ఆ రోజు నా మీద కోపంగానే వెళ్లారు. నొప్పి, వాంతులు, ఉబ్బరం ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లమని, ఏమీ లేకపోతే ఇంకో రెండు రోజులు మాత్ర లేకుండా ఆగి చూడమని చెప్పాను. "నువ్వియ్యకుంటే ఇంకో దుకాణం లేదా" అన్నారు. శనివారం బీపీ మాత్రల కోసం మళ్లీ వచ్చారు. జేబులోంచి వేరే షాపులో కొన్న స్ట్రిప్ తీసి చూపించారు. పది మాత్రలూ అలాగే ఉన్నాయి. "బేస్తారం పొద్దుగాల దానంతటదే వచ్చిందమ్మా" అన్నారు.